ఊ అన్న పాపానికి

పోయిన వారం మనం ప్రేమలతను దవాఖాన వరండల, తడిసిన చీరతోనే కూసోబెట్టి వచ్చినం. చదివినోళ్ళకు యాది ఉండే ఉంటది. చదవనోళ్ళ కోసం జర ముచ్చట చెప్పి ముందుకు పోదాం.

ప్రేమలత, స్నేహలత అక్కచెల్లెండ్లు. ఊరు వర్ధన్నపేట దిక్కు. ఇప్పుడుండేది హన్మకొండల. పెద్దది ప్రేమలత చీరలకు ఫాల్, పీకో కుట్టే దుకాణం నడుపుతది. చిన్నది స్నేహలత, ఇరవై నాలుగేండ్లు, సుబేదారిల ఒక ఆఫీసుల ఫోన్ దగ్గర పని చేస్తది. నాలుగేండ్ల వయసుల వచ్చిన జరం ఆమె చూపు తీసుకపోయింది. అక్కకు పెండ్లైనంక సుత చెల్లె అక్క ఇంట్లనే ఉంటది. బావ మహిపాల్ మంచోడే, ఎన్నడు మాటనలె.

స్నేహలతకు ఈతంటే పానం. వారానికి మూడు రోజులు పొద్దుగాల నీలగంగ పూల్‌ల వికలాంగ ఆడోళ్ళ బ్యాచ్‌కు పోతది. చూపు లేనోళ్ళకు నీళ్ళల్ల గోడ ఎప్పుడొచ్చేది తెల్వదు గదా. అందుకని రెండు చివర్లల ఇద్దరు కట్టెలు పట్టుకొని నిలవడుతరు. కట్టె కొనకు స్పాంజి ఉండ ఉంటది. ఈదేటామె గోడ దగ్గరికి రాంగనే ఆ ఉండతోని తల మీద మెల్లగ తట్టాలె. తట్టితే గోడ వచ్చినట్టు, చెయ్యి సాపాలె. ఇటు చివర ప్రేమలత కట్టె. అటు చివర మెహనాజ్ కట్టె.

పోయిన శనివారం ఇటు చివర, ప్రేమలత కాళ్ళ ముంగటనే, స్నేహలత తల పోయి గోడకు తాకింది. నీళ్ళు మింగి మునిగింది. అటు చివర నుంచి మెహనాజ్ ఉరికొచ్చి, దుంకి, ఒడ్డుకు పట్టుకొచ్చింది. ఒడ్డు మీద అక్క ఒళ్ళె తల పెట్టుకొని, తెలివి రాంగనే స్నేహలత అడిగిన మొదటి మాట, "నువ్వే దుంకినవా అక్కా?"

ప్రేమలత "ఊ" అన్నది.

గంతే. పెదవులు తెరవాల్సిన పని సుత లేని మాట. కావాలని అన్నదా అంటే, అప్పుడు కాదు. జారింది. జారిన మాటను మళ్ళ ఎత్తుకోవాలె గదా, ఎత్తుకోలె. ఆరొద్దులాయె, ఇంక ఎత్తుకోలె. ఎందుకంటే మన ప్రేమలత మంచిది, కష్టజీవి, చెల్లె కోసం పానమిస్తది, కాని ఒట్టి ఉడుకుబోతు.

ఇంకోటి సుత చెప్పాలె. ప్రేమలతకు ఈత రాదు. మోకాలి లోతు దాటి ఎన్నడు దిగలె. చెల్లెకు పదమూడేండ్లున్నప్పుడు వాళ్ళ నాయిన కట్టయ్య పొలం కాడి బాయిల ఆమెకు ఈత నేర్పింది ప్రేమలతనే, అది నిజం. చెల్లె నడుముకు నూనె డబ్బా కట్టి, తాడు కొస తన చేతిల పట్టుకొని, బాయి మెట్ల మీద కూసొని "కాళ్ళు కొట్టు, చేతులు కొట్టు" అని ఒర్రేది. "బుగులు పడకే, మునిగితే నేను దుంకుత" అనేది. పదకొండేండ్ల నుంచి స్నేహలత ఆ మాటను పట్టుకొనే ఉన్నది. అక్కకు ఈత రాదన్న ముచ్చట ఆమెకు ఎవలు చెప్పలె. చెప్పే అవసరం పడలె.

ఇగ మెహనాజ్. ఖిలా వరంగల్ పిల్ల. పుట్టుకతోనే ఎడమ చెయ్యి మోచేతి కాడికే ఉన్నది. ఆమె సుత అదే బ్యాచ్‌ల ఈదుతది. ముందు స్నేహలతకు కట్టె పడుతది, తర్వాత తన వంతుకు తను దిగుతది. వచ్చి ఆర్నెల్లు కాలె, ఇంట్ల పొద్దు లేస్తే ఆమె పేరే. మెహనాజ్ గిట్లన్నది. మెహనాజ్ గట్ల నవ్వింది. మెహనాజ్ వాళ్ళింట్ల సేమియా తిన్న అక్కా, నువ్వు చేసేది ఉప్మా లెక్క ఉంటది. ఉప్మా మాటకు ప్రేమలత రెండొద్దులు అన్నం సరిగ తినలె.

అన్నిటికన్న గుచ్చుకున్నది ఇంకోటున్నది. దెబ్బ తాకిన దానికి ముందు గురువారం, బట్టలు మార్చుకునే రూం బయట నిలవడితే, లోపల స్నేహలత ఈత నేర్పే జాహెదా మేడంతోని అంటాంది: "అటు చివరకు ఫుల్ స్పీడ్‌ల పోత మేడం. ఇటు చివరకు వచ్చేటప్పుడే జర తగ్గుత."

ఇటు చివరంటే ప్రేమలత. పదకొండేండ్ల తాడు ఒక దిక్కు, ఆర్నెల్ల కట్టె ఒక దిక్కు. కడుపుల మంట ఎట్ల లేవకుంటది, మీరే చెప్పుండ్రి.

* * *

శనివారం మళ్ళ వచ్చింది. జాహెదా మేడం మీటింగ్ పెట్టింది.

ఈ ఆరొద్దులు ప్రేమలతకు నిజం చెప్పాల్నంటే పండుగ లెక్క గడిచినయి. డాక్టర్ రెస్ట్ అన్నడని చెప్పి చెల్లె ఫోన్ తన దగ్గర పెట్టుకున్నది. మెహనాజ్ పదకొండు సార్లు చేసింది, పదకొండు సార్లు కట్ చేసింది. మంగళవారం ఆ పిల్ల ఇంటికే వచ్చింది, టిఫిన్ డబ్బా పట్టుకొని. "పండుకున్నది" అని గేటు కాడి నుంచే పంపింది. డబ్బా మాత్రం తీసుకున్నది. లోపలికొచ్చి చూస్తే సేమియా. పక్కింటోళ్ళకు ఇచ్చింది.

స్నేహలత అక్క చెయ్యి ఇడిస్తలేదు. కూసుంటే చెయ్యి, నడిస్తే చెయ్యి, పండుకుంటే చెయ్యి. "నువ్వుంటే నాకు ఫికర్ లేదక్కా" అంటాంది. ఆ మాట కోసమే ఆర్నెల్ల నుంచి మొఖం వాచి ఉన్నది ప్రేమలత. దొరికిన దాన్ని చేతులార ఎవలు పారేసుకుంటరు?

కాని పూల్ గేటు కాడికి రాంగనే బుగులు పట్టుకున్నది. లోపల అందరికి తెలుసు దుంకింది ఎవలో. స్నేహలత ఒక్కదానికే తెల్వదు. ఎవలన్న ఒక్క మాట జారితే చాలు.

"అక్కా, నీ చెయ్యేంది గిట్ల చెమట పట్టింది?" అన్నది స్నేహలత.

"ఎండ" అన్నది ప్రేమలత. అప్పటికి పొద్దు సరిగ పొడవనే లేదు.

పూల్ పక్కన రేకుల షెడ్డు కింద ప్లాస్టిక్ కుర్చీలు ఏసి ఉన్నయి. నీళ్ళకు నాలుగడుగుల దూరంల కొత్తగ ఒక పసుపు గీత కొట్టిండ్లు. పెయింట్ వాసన ఇంక పోలె. పూల్ ఓనర్ పాండురంగం సార్ చేతులు కట్టుకొని కూసున్నడు. నలుగురైదుగురు తల్లులు, తోడొచ్చినోళ్ళు ఉన్నరు. జాహెదా మేడం మెడల విజిల్, చేతిల కాయితాలు. ఇరవై ఏండ్లు పిల్లలకు ఈత నేర్పిన మనిషి. లొల్లి పెట్టదు, కాని అడగాల్సింది అడగక ఇడువదు.

మెహనాజ్ లేచి వచ్చింది. "స్నేహా" అన్నది.

స్నేహలత మొఖం ఎట్ల ఎలిగిందో చూడాలె. ఆరొద్దుల నుంచి ఇంట్ల అంత ఎలుగు లేదు. చెయ్యి సాపింది గాలిల. "ఏందే, బతికిన్నా సచ్చిన్నా అని అడగవా? ఒక్క ఫోన్ చెయ్యలేవా?"

మెహనాజ్ ప్రేమలత దిక్కు చూసింది. ఒక్క చూపే. ప్రేమలత తేలు కుట్టిన దొంగ లెక్క నేల చూసుకుంట నిలవడ్డది.

"ఇంట్ల పని పడ్డదే" అన్నది మెహనాజ్. "మాఫ్ చెయ్యి."

ఇగ చూడుండ్రి మనిషి బుద్ధి. తన గుట్టు కాపాడిన పిల్ల మీద ప్రేమలతకు ఇంకింత మండింది. నలుగుర్ల బయట పెట్టినా తిట్టుకోనీకి సందుండేది. ఈ మంచితనమేంది? దీనికి ఏం జవాబు చెప్పాలె? ఒక్క చేతి పిల్ల, రెండు చేతులున్న నా కన్న అన్నిట్ల ముందుంటదేంది అనుకున్నది. అనుకొని, అట్ల అనుకున్నందుకు తనను తనే తిట్టుకున్నది. అయినా మంట మంటనే.

పాండురంగం సార్ మొదలు పెట్టిండు. "చూడుండ్రమ్మా, నేను పాడు మనిషిని గాను. కాని ఇంకోపాలి గిట్లయితే నేను జవాబు చెప్పలేను. ఈ బ్యాచ్ బంద్ చేద్దామని నా ఆలోచన. ఇంటి కాడ భద్రంగ ఉంటరు గదా."

"ఇంటి కాడ భద్రమేంది సార్" అన్నది జాహెదా మేడం. "చెరువులున్నయి, బాయిలున్నయి, కాల్వలున్నయి. నీళ్ళ గురించి తెల్వనోళ్ళే మునుగుతరు. నేర్చుకున్నోళ్ళు ఇంట్ల కూసుంటే రెండు నెలల్ల చేతులు బిగుసుకపోతయి, నడుములు పట్టుకుంటయి. వీళ్ళకు ఈత సరదా గాదు. బంద్ చేసుడు గాదు, ఏడ తప్పిందో చూసి సరి చేసుడు కావాలె. ఎవల తప్పు అని కాదు. ఏం జరిగిందని. ముందుగాల నువ్వు చెప్పు స్నేహా."

ప్రేమలత చెల్లె చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

స్నేహలత చెప్పింది. "అక్క తట్టింది మేడం. తట్టలేదంటే అబద్ధం. కాని అక్క ఎప్పుడు ముందే తట్టుతది. బుగులు గదా ఆమెకు. గోడ ఇంక ఇంత దూరం ఉండంగనే తట్టుతది. అందుకని అక్క తట్టినంక నేను ఇంక రెండు బారలేసి, అప్పుడు చెయ్యి సాపుత. మెహనాజ్ తట్టితే గోడ ఆడనే ఉంటది, రెండు బారలు అవసరం లేదు. మొన్న సుత అలవాటు ప్రకారం రెండు బారలేద్దామనుకున్న. రెండోది పడకముందే గోడ తాకింది. తర్వాత నాకు యాది లేదు."

ప్రేమలతకు నెత్తి మీద చల్లటి నీళ్ళు పోసినట్టయింది. ఇటు చివరకు జర తగ్గుత అంటే ఇదా. నమ్మకం లేక గాదు. తన తొందరను చెల్లె కొలుచుకొని, దానికి తగ్గట్టు ఈదుతాంది. ఇన్నేండ్ల నుంచి.

"ప్రేమలతా" అన్నది జాహెదా మేడం, "మొన్న ఎప్పటి కన్న లేటుగ తట్టినవా?"

"లేటు గాదు మేడం. సరిగనే తట్టిన. మీరు క్లాసుల గీత గీసి చూపిస్తిరి గదా, ఆ గీత కాడ. మెహనాజ్ తట్టినట్టే తట్టాలనుకున్న."

"ఎప్పటి నుంచి?"

"ఆ పొద్దే మొదలు."

"మరి చెల్లెకు చెప్పినవా, ఇయ్యాల్టి నుంచి మార్చిన అని?"

ఇది జాహెదా మేడం క్లాసుల మొదటి పాఠం. కట్టె మారినా, చోటు మారినా, పట్టే మనిషి మారినా, నీళ్ళల్లకు దిగకముందే నోటితోని చెప్పాలె. విన్నామె మళ్ళ చెప్పాలె. పది సార్లు చెప్పిచ్చింది అందరితోని. ప్రేమలతకు కంఠతా వచ్చు.

చెప్పుదామనే పోయింది ఆ పొద్దు. నీళ్ళ మెట్ల మీద స్నేహలత, మెహనాజ్ కూసొని నవ్వుతాండ్లు. ఏందో ముచ్చట, ఇద్దరి భుజాలు ఊగుతున్నయి. ప్రేమలత దగ్గరికి పోంగనే నవ్వు ఆగింది. గంతే, ఏం లేదు, నవ్వు ఆగింది. ప్రేమలత చెప్పాల్సిన మాట మింగి, కట్టె తీసుకొని వెనకకు వచ్చింది. నేను సుత ఆమె లెక్క తట్టుత, అప్పుడు చూద్దాం ఎవలు తక్కువనో అనుకున్నది.

"చెప్పలె" అన్నది ఇప్పుడు.

"ఎందుకు?"

"మరిచిపోయిన."

అది సుత అబద్ధమే. ఒక అబద్ధానికి తోడు ఇంకోటి కావాలె, ఒంటరిగ ఉండదది.

స్నేహలత అక్క దిక్కు తిరిగింది. "పోనియ్యుండ్రి మేడం. తప్పు నాది సుత ఉన్నది. అక్క ముందే తట్టుతదని నేనెన్నడు చెప్పలె. చెప్తే బాధ పడుతదని ఊకున్న."

"మంచిగున్నది" అన్నది జాహెదా మేడం. "ఆమెకు బాధైతదని నువ్వు చెప్పకపోతివి. మరిచిపోయి ఆమె చెప్పకపాయె. మీ ఇద్దరి మర్యాదకు నడుమల నెత్తి పగిలింది."

తల్లులు జర నవ్విండ్లు. స్నేహలత సుత నవ్వింది. ఆడికి ఆ ముచ్చట ఒడిసిందనే అనుకున్నది ప్రేమలత. ఊపిరి తీసుకున్నది. ఎవలు దుంకిండ్లో ఎవలు అడగలె. అడుగుడెందుకు, అందరికి తెలుసు గదా.

* * *

జాహెదా మేడం కాయితాలు పంచింది. తోడొచ్చేటోళ్ళ ఫారం. పేరు, ఫోన్ నంబర్, నీళ్ళల్ల దిగే మనిషికి ఏమైతరు, ఆఖరికి ఒక ప్రశ్న: తోడు వచ్చినవారికి ఈత వచ్చునా?

"ఈత రానోళ్ళు పసుపు గీతకు అవుతల, నీళ్ళకు దూరంగ కూసోవాలె" అన్నది మేడం. "తట్టే కట్టె పట్టొద్దు. ఇది అవమానం గాదు. ఈత రానోళ్ళు దుంకితే ఒకలకు ఇద్దరు పోతరు. వాళ్ళ పని విజిల్ కొట్టుడు, కట్టె అందిచ్చుడు, తాడు ఇసురుడు, మందిని పిలుసుడు. దుంకుడు వాళ్ళ పని గాదు. ఈత నేర్చుకున్నంక గీత దాటొచ్చు. నేర్పెతందుకు నేనున్న. కాని నీళ్ళ అంచున కట్టె పట్టే మనిషికి మాత్రం ఈత వచ్చి ఉండాలె."

పాండురంగం సార్ తలూపిండు. "ఈ ఫారాలు నింపుతేనే బ్యాచ్ నడుస్తది. అబద్ధం రాస్తే నా పూచీ లేదు."

ప్రేమలత ఫారం ఒళ్ళె పెట్టుకున్నది. పేరు రాసింది. నంబర్ రాసింది. అక్క అని రాసింది. పెన్ను ఆఖరి ప్రశ్న కాడ ఆగింది.

వచ్చు అని రాస్తే కట్టె తనది. చెల్లె తనది. రాదు అని రాస్తే గీతకు అవుతల ప్లాస్టిక్ కుర్చీ. ఇటు చివరకు ఎవలొస్తరో అడిగే పనే లేదు. మెహనాజ్ ఇటొస్తది, మేడం అటు నిలవడుతది. ఇగ ఇటు చివర సుత ఆ పిల్లదే అయినట్టు.

ఆమె నీళ్ళ దిక్కు చూసింది. ఇటు చివర గోడ మీద నీలం రంగుతోని రాసి ఉన్నది: ఎనిమిది అడుగులు. ఆ రోజు ఆ ఎనిమిదడుగులల్ల చెల్లె టోపీ ఊడి, జుట్టు ఇడివడి కిందికి పోతాంటే, చేతిల అంత పొడుగు కట్టె ఉండి, అందియ్యాలన్న సోయి లేక బొమ్మ లెక్క నిలవడ్డది ప్రేమలత.

"ఏం రాస్తాన్నవ్ అక్కా?" అన్నది స్నేహలత, చెవి దగ్గర. "నీ పెన్ను చప్పుడు ఆగింది."

"ఏం లేదు. రాస్తాన్న."

"ఈత వచ్చునా అంటే వచ్చు అని పెద్దగ రాయి." స్నేహలత మేడం దిక్కు మొఖం తిప్పి, అందరు ఇనేటట్టు అన్నది. "మా అక్కను అడుగుడేంది మేడం ఈత వచ్చునా అని? నాకు బాయిల నేర్పిందే మా అక్క. మొన్న నన్ను ఒడ్డుకేసింది సుత మా అక్కనే గదా."

జాహెదా మేడం కండ్లద్దాలు పైకి జరుపుకున్నది. స్నేహలతను చూసింది. ప్రేమలతను చూసింది. తర్వాత మెహనాజ్‌ను చూసింది. మెహనాజ్ తల దించుకొని, లేని చేతి కాడ చున్నీ సర్దుకుంటాంది. పాండురంగం సార్ ఏదో అనబోతే మేడం చెయ్యెత్తి ఆపింది. ఆమెకు సమజైంది. మిగిలినోళ్ళకు సుత అయ్యింది.

"ఫారం నీది ప్రేమలతా" అన్నది మేడం మెల్లగ. "నువ్వే నింపాలె."

స్నేహలతకు ఇవేం కనవడుతలేవు గదా. సంబురంగ మాట్లాడుతనే ఉన్నది. "అక్కా, నేనొకటి అనుకున్న. ఇగ నుంచి నీ కట్టెకు సుత రెండు బారలు ఎక్కువ ఎయ్య. నువ్వు ఎప్పుడు తట్టితే అప్పుడు ఆగుత. ఇటు చివరకు సుత ఫుల్ స్పీడ్. తప్పినా ఏమైతది, నువ్వు దుంకుతవ్. మొన్న దుంకినవ్ గదా."

ఇది ఇనాలనే గదా ప్రేమలత ఇన్నొద్దులు ఉడికింది. ఇటు చివరకు సుత ఫుల్ స్పీడ్. మెహనాజ్ ముంగటనే అన్నది, నలుగురు ఇనంగ అన్నది. గెలిచింది. గెలిచినంకనే సోయి వచ్చింది. ఈ పిల్ల నన్ను నమ్మి ఎనిమిదడుగుల నీళ్ళల్ల ఫుల్ స్పీడ్‌ల వస్తది. వచ్చి మునిగితే నేను ఏం చేస్త? మళ్ళ గట్లనే నిలవడుత. మెహనాజ్ అటు చివర లేని రోజు ఏమైతది?

మింగరాదు, కక్కరాదు. మనిషి నోరు ఎంత చిన్నగున్నా కొన్ని మాటలు దాన్ల నుంచి బయటికి రావాల్నంటే ఒళ్ళంత సాయం పట్టాలె.

"రాదు" అన్నది ప్రేమలత.

"ఏం రాదు?"

"నాకు ఈత రాదే."

స్నేహలత నవ్వింది. అక్క పరాచకమాడుతాంది అనుకున్నది. "ఊకో అక్కా, టైం అయితాంది. రాయి."

"నిజంగనే రాదు చెల్లె. ఎన్నడు రాలె. బాయిల నేను దిగనే దిగలె. మెట్ల మీద కూసున్న. దుంకుత అని ఉత్తగనే అన్న, నువ్వు బుగులు పడొద్దని."

నవ్వు ఇంక స్నేహలత మొఖం మీదనే ఉన్నది, పోవుడు మరిచిపోయినట్టు. "మరి మొన్న?"

"మొన్న నేను దుంకలె. మెహనాజ్ దుంకింది. అటు చివర నుంచి ఉరికొచ్చి దుంకింది. ఒక్క చేతితోని నిన్ను పట్టుకొచ్చింది." ప్రేమలత గొంతు ఆగుతలేదు ఇప్పుడు, తెగిన తాడు లెక్క పోతనే ఉన్నది. "ఫోన్ సుత చేసింది. పదకొండు సార్లు చేసింది. నేనే కట్ చేసిన. ఇంటికి సుత వచ్చింది. ఆమె నీతోని మంచిగుంటే నేను ఓర్వలె స్నేహా. గందుకే. మరిచిపోయిన అన్నది సుత అబద్ధమే. ఆ పొద్దు మీరిద్దరు నవ్వుతాంటే చెప్పబుద్ధి కాలె."

పెన్ను తీసి, ఫారం మీద రాదు అని రాసింది. సంతకం పెట్టింది. కాయితం మేడంకు ఇచ్చింది.

స్నేహలత చెయ్యి ఇంక అక్క చేతిలనే ఉన్నది. ఏళ్ళు ఒక్కొక్కటిగ విప్పుకున్నది. కోపంగ గుంజుకోలె. జాకెట్ హుక్కులు తీసినట్టు, నిమ్మళంగ తీసుకున్నది.

"అయితే ఈ ఆరొద్దులు నేను ఎవల చెయ్యి పట్టుకొని పండుకున్న?" అన్నది.

స్నేహలత లేచింది. ఎవలు చెప్పకుండనే, రెయిలింగ్ తడుముకుంట మెట్ల దాక పోయింది. ఆ తొవ్వ ఆమె కాళ్ళకు తెలుసు. "మేడం, ఈత రానోళ్ళు గీత అవుతల ఉండాలన్నరు గదా" అన్నది, వెనకకు తిరగకుండ. "మా అక్కను అవుతలికి పొమ్మనుండ్రి."

జాహెదా మేడం ఏం అనక ముందే ప్రేమలత లేచి పోయింది. పసుపు గీతకు అవుతల, గోడ పక్కన కుర్చీల కూసున్నది. కండ్ల నీళ్ళు తుడుచుకుంట చూస్తాంది. మెహనాజ్ వంగి ఆమె కట్టె తీసుకున్నది. ఇటు చివర నిలవడ్డది. మేడం అటు చివరకు నడిచింది. అంత అయిపోయినట్టే. ప్రేమలత ఎట్లయితదని బుగులు పడ్డదో అట్లనే అయ్యింది, ఒక్క అంగుళం తేడా లేదు.

స్నేహలత మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. మడిమె దాక నీళ్ళు. రెండో కాలు ఎత్తి, ఆగింది.

"మెహనాజ్."

"ఆ, చెప్పు స్నేహా. ఈడనే ఉన్న."

"ఆ రోజు నేను అక్కను అడిగినప్పుడు, నువ్వే దుంకినవా అని, అప్పుడు నువ్వు ఏడున్నవ్?"

మెహనాజ్ చేతిల కట్టె జర వంగింది. "నీ పక్కనే ఉన్న" అన్నది.

"అక్క ఏమన్నదో ఇన్నవా?"

"ఇన్న."

"ఇని ఊకున్నవ్."

"అక్క అప్పుడు ఏడుస్తాంది స్నేహా. ఆ టైంల ఏం చెప్పాలె? తర్వాత అక్కనే చెప్తది లే అనుకున్న."

"ఇందాక ఫోన్ సంగతి అడిగితే ఇంట్ల పని పడ్డదన్నవ్."

గీత అవుతల కుర్చీల, దాపెట్టుడెందుకు, ప్రేమలత గుండెల ఒక్క రెప్పపాటు సంబురం పొంగింది. అదీ సంగతి, ఆమె సుత దొరికింది, నేనొక్కదాన్నే కాదు అనుకున్నది. ఆ సంబురం ఇంక గొంతు దాక రాకముందే, స్నేహలత కాలు నీళ్ళల్ల నుంచి వెనకకు తీసుకున్నది. తడి కాలు ఒడ్డు మీద పెట్టి, నెత్తి మీది ఈత టోపీ ఇప్పి, రెయిలింగ్‌కు తగిలిచ్చింది.

"నాకు కండ్లు లేవు మేడం" అన్నది. "నీళ్ళల్ల నాకు ఉన్నది వీళ్ళిద్దరి మాటే. ఇటు చివర ఒకటి, అటు చివర ఒకటి. ఇద్దరు నా బాగు కోరే అబద్ధమాడిండ్లట. నేను ఎవల కట్టె నమ్మి ఈదాలె?"

అటు చివర నుంచి జాహెదా మేడం "స్నేహా, ఆగు బిడ్డా" అనుకుంట వస్తనే ఉన్నది.

"పాండురంగం సార్" అన్నది స్నేహలత, "నా పేరు కొట్టెయ్యుండ్రి."